మాస్టారికి పడిన పేరు

“శవాన్ని బండెక్కించండి,” అన్నాడు కాప్టెన్ మార్క్‌లెన్.

“ఎక్కించు చూద్దాం! ముందు నన్నెక్కించు, ఆ తర్వాత మా తమ్ముణ్ని ఎక్కిద్దువుగాని,” అంది కుల్పాష్. డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి, గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది. ఇద్దరు పోలీసులు స్ట్రెచర్ పట్టుకుని ఆవిడ ముందు తలలు వంచుకుని నిలబడ్డారు. ఇద్దరూ ఆ ఊరి బళ్లో చదువుకున్నవాళ్లే మరి.

మేజర్ సగిందిక్ గేటు తోసుకుని లోపలికి వచ్చేసరికి పదీ పది. మధ్యాహ్నం నమాజు ఒంటిగంటన్నరకి. ఆ నమాజు కాగానే కలియస్కర్ మాస్టారిని పూడ్చాలి. ఉన్నది మూడు గంటల ఇరవై నిమిషాలు.

“స్ట్రెచర్ దింపండి. ఈ కేసు నాది,” అన్నాడు సగిందిక్.

మార్క్‌లెన్ తోలుజాకెట్టు సర్దుకుంటూ వెనక్కి తిరిగాడు. నలభై దాటినవాడు, రాష్ట్ర కేంద్రంలోని పెద్ద ఆఫీసు మనిషి. “రండి సాకే, రండి,” అన్నాడు. పెద్దవాళ్ల పేరు అలా తుంచి పిలవడం గౌరవం. మార్క్‌లెన్ నోట అది గౌరవంలా లేదు. “డిసెంబర్లో పదవీ విరమణ కదా, హాయిగా ఇంట్లో కూర్చోక ఇంత దూరం ఎందుకొచ్చారు? హంతకుడు జీపులో ఉన్నాడు. కోసి చూస్తే కారణం తెలుస్తుంది. అయిపోయింది.”

“కోస్తే రేపటిదాకా పూడ్చడానికి వీలవదు.”

“ఏం తొందర? ఆయనకి చోటెక్కడుందో అడిగారా మీరు?”

ఆ జవాబు సగిందిక్‌కి దారిలోనే తెలిసింది. ముల్లా ఓరజ్‌బై ఊరి మొదట్లోనే జీపు ఆపి, కళ్లు ఎటో పెట్టుకుని చెప్పాడు. గొయ్యి తవ్వుతున్నారట, శ్మశానం కంచెకి అవతల, ముళ్ల పొదల్లో. తాతముత్తాతల పక్కన సత్కిన్‌ని పడుకోబెట్టడానికి ఊరి పెద్దలు ఒప్పుకోలేదట. “నమాజు చేయిస్తాను నాయనా, అది నా బాధ్యత. కంచె లోపలికి తేవడం మాత్రం నా వల్ల కాదు. అందరి ముందూ ఎవరో ఒకరు ఆయన కోసం నోరు విప్పాలి,” అన్నాడు ముల్లా.

సత్కిన్. అమ్మేసినవాడు. ద్రోహి అంటే సరిపోదు, ద్రోహం కోపంలో కూడా చేస్తారు. ఇందులో బేరం ఉంది. తన మనిషిని సంతకి తోలుకెళ్లి, వెల పుచ్చుకుని, చేతులు దులుపుకుని ఇంటికొచ్చి అన్నం తిన్నవాడు. మా వాళ్లు దొంగని క్షమిస్తారు, హంతకుడికి కూడా రక్తం వెల కట్టి రాజీ పడతారు. ఈ పేరు పడినవాడికి మాత్రం చచ్చేదాకా మాఫీ లేదు. మాస్టారికైతే చచ్చాక కూడా లేకపోయింది.

ఆ పేరు పడింది 1951లో. ఊరి పాటగాడు ఇమాన్‌బైని పట్టుకుపోయారు. ఆయన పాటలన్నీ ఎవరో చక్కటి రష్యన్లో రాసి పైకి పంపారు. ఊళ్లో అంత రష్యన్ వచ్చినవాడు మాస్టారొక్కడే. ఇమాన్‌బై మళ్లీ రాలేదు, పోయాడన్న కాగితమూ రాలేదు. ఇప్పుడు జీపులో బేడీలతో కూర్చున్నవాడు ఆయన కొడుకు ఎర్కేష్. నలభై ఒక్కేళ్ల తర్వాత పగ తీర్చుకున్నాడని మార్క్‌లెన్ మాట.

ఎర్కేష్, సగిందిక్ ఒకే ఈడువాళ్లు. ఏడేళ్లు ఒకే బల్ల మీద కూర్చుని చదివారు.

సగిందిక్ వంటింట్లోకి అడుగు పెట్టాడు. ఆ గది గోడకి ఇంకా అదే నీలం సున్నం. చిన్నప్పుడు చలికాలంలో బడి పొయ్యి వెలక్కపోతే మాస్టారు పిల్లలందర్నీ ఇక్కడికే తోలుకొచ్చేవాడు. పదిహేను మంది ఈ ఉన్ని తివాచీ మీద ఇరుక్కుని కూర్చుంటే, కుల్పాష్ అందరికీ తలో ఎండు జున్నుగడ్డ పెట్టేది. సిరా గడ్డకట్టకుండా సీసాలు చంకలో పెట్టుకునేవాళ్లు. ఎంత బాగుండేది! ఆ వాసన ఇంకా ఇక్కడే ఉన్నట్టుంది. మేజర్ కళ్లజోడు పెట్టుకుని వంగాడు.

ఇనుప పొయ్యి మూలకి రక్తం, దానికి అంటుకుని నాలుగు తెల్లవెంట్రుకలు. నేల మీద రెండు చిన్న తెల్లమాత్రలు. పొయ్యి కింద మూత లేని గాజుగొట్టం.

“ఆ కడ్డీతో కొట్టాడు,” అన్నాడు వెనకనుంచి మార్క్‌లెన్. బూడిద బకెట్లో గుచ్చిన నిప్పులు ఎగదోసే కడ్డీని చూపించాడు.

“బూడిద మీద పొర చూడు. చెక్కుచెదరలేదు. కడ్డీ బయటికి తీసి, కొట్టి, కడిగి, మళ్లీ పొర చెదరకుండా గుచ్చాడంటావా?”

“కొట్టి కింద పడేస్తే తల పొయ్యికి తగిలింది. ఏదైతేనేం?”

“అక్కయ్యా,” అని పిలిచాడు సగిందిక్. కుల్పాష్ వచ్చింది. “నిన్న ఏమేం జరిగిందో గంటల లెక్కన చెప్పు.”

“గంటలు నాకేం తెలుసురా? ఆవు లెక్కన చెప్తా. పొద్దున గొర్రెని కోయించాడు. ఏమిటీ విశేషం అంటే, అతిథి వస్తున్నాడన్నాడు. మా ఇంటికి అతిథి! నా చెవులు నేనే నమ్మలేదు. ఒంటిగంట బస్సుకి ఎర్కేష్ దిగాడు. తిన్నారు, మాట్లాడుకున్నారు, ఏడ్చారు కూడా. నాలుగింటి వార్తలు రేడియోలో వస్తుండగా వెళ్లిపోయాడు. మంద ఊళ్లోకి వచ్చేది ఐదింటికి. నేను పాలచెంబు తీసుకుని వెళ్తుంటే తమ్ముడు టీ తాగుతున్నాడు. తిరిగొచ్చేసరికి…” ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఐదూ నలభై,” అన్నాడు మార్క్‌లెన్. “ఎర్కేష్ బస్సెక్కింది ఆరూ ఇరవైకి. నాలుగు నుంచి ఆరూ ఇరవైదాకా ఏం చేశాడు? అడిగితే నోరు మెదపడు.”

“అక్కయ్యా, మాస్టారి దవడ కట్టిందెవరు?”

“ఇంకెవరు కడతారు? నేనే.”

“నోట్లో ఏమైనా ఉందా?”

కుల్పాష్ లోపలి జేబులోంచి రుమాలు తీసి, ముడి విప్పింది. సగం కరిగిన తెల్లమాత్ర. “నాలుక కింద ఉందిరా నాయనా. నోట్లో మందుతో పైకి పంపకూడదు కదా, తీసేశాను. ఎడం చేతిలో బిరడా బిగించి పట్టుకున్నాడు, వేళ్లు విప్పడానికి నా ప్రాణం మీదికొచ్చింది.”

సగిందిక్ మార్క్‌లెన్‌కేసి చూశాడు. “నిన్న సాయంత్రం నుంచి ఇక్కడున్నావు. ఈవిణ్ని అడిగావా?”

“ముసలావిడ ఏం చెప్తుందని…”

“ఇదే చెప్తుంది. తల పగిలినవాడు గొట్టం తీసి, బిరడా ఊడదీసి, మాత్ర నాలుక కింద పెట్టుకోడు. గుండె పట్టేసింది, మాత్ర వేసుకున్నాడు, తూలి పడ్డాడు, పొయ్యి మూల తగిలింది. ఇది హత్య కాదు.”

మార్క్‌లెన్ మొహంలో కోపం రావాలి. రాలేదు. అదే సగిందిక్‌కి వింతగా తోచింది. “సరే, హత్య కాదనుకోండి. ఎర్కేష్ దగ్గర ప్రభుత్వ దస్తావేజు నకలుంది. అది నాకు కావాలి. అది దొరికేదాకా అతన్ని వదిలేది లేదు, శవాన్నీ వదిలేది లేదు,” అని విసవిసా బయటికి పోయాడు.

ఓహో, దీనికోసమా! సగిందిక్ అక్కడే పీట మీద కూలబడ్డాడు. ఎదురుగా అలమరలో, తెల్లగుడ్డ కప్పిన పళ్లెం. గుడ్డ ఎత్తి చూశాడు. ఉడికిన గొర్రె తల. కుడి చెంప మీద కత్తి గాటు, ముక్క తీసినట్టుంది. కుడి చెవి లేదు.

“తల కోసిందెవరు అక్కయ్యా?”

“అతిథి కాక ఇంకెవరు? ఎర్కేషే. పద్ధతిగా చెంప ముక్క కోసుకున్నాడు, చెవి కోసి నాకిచ్చాడు. ఇంట్లో చిన్నపిల్లలు లేరు కదా, ‘నువ్వే ఈ ఇంటి చిన్నపిల్లవి అక్కయ్యా’ అన్నాడు. తల మళ్లీ తమ్ముడి చేతికిచ్చి, దండిగా దీవించాడు.”

సగిందిక్ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

తండ్రి బతికుండగా కొడుకు గొర్రె తల అందుకోడు. అందుకున్నాడంటే తండ్రి చావు కోరినట్టే. మా వాళ్లలో చంటిపిల్లలకి కూడా ఇది తెలుసు. ఎర్కేష్ నలభై ఒక్కేళ్లుగా ఏ పెళ్లిలోనూ, ఏ విందులోనూ తల ముట్టలేదు. జుట్టు నెరిసింది, మనవలు పుట్టారు, వరసలో అందరికన్నా పెద్దవాడయ్యాడు. అయినా పళ్లెం ముందుకొస్తే రెండు చేతులూ ఎత్తి, “మా నాన్న పోయాడన్న కాగితం రాలేదు. ఆయన ఉన్నాడు,” అనేవాడు. కొందరు నవ్వేవాళ్లు. సగిందిక్ ఎప్పుడూ నవ్వలేదు. అలాంటివాడు నిన్న తల కోశాడు. అదీ ఎవరింట్లో? సత్కిన్ అని ఊరంతా ఉమ్మేసిన మనిషి ఇంట్లో. పైగా దీవించాడు.

అంటే ఎర్కేష్‌కి కాగితం వచ్చింది. తండ్రి పోయాడని తెలిసింది. మాస్టారు ద్రోహి కాడనీ తెలిసింది.

గోడ పక్కన చెక్కపెట్టెలు వరసగా ఉన్నాయి. మాస్టారు నలభై ఏళ్లుగా మాటలు పోగేశాడు, మాటకొక చీటీ. ఏ మాటకి ఏ అర్థం, ఎవరు ఎప్పుడు ఎలా వాడారు, అన్నీ రాసిపెట్టాడు. ఎవరూ అచ్చు వెయ్యలేదు, ఎవరూ అడగలేదు కూడా. సగిందిక్ వేళ్లతో చీటీలు తిప్పుకుంటూ వెళ్లాడు. ఆ ఒక్క మాట ఉండాల్సిన చోట ఖాళీ.

“అది ఎర్కేష్‌కిచ్చాడురా,” అంది కుల్పాష్. “ఇవ్వాల్సిన వాళ్లకి ఇమ్మన్నాడు.”

పదకొండూ ఐదు. జీపు తలుపు తీసి, సగిందిక్ పాత స్నేహితుడి పక్కన కూర్చున్నాడు. ఎర్కేష్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పట్నంలో లారీలు బాగుచేసే మనిషి, గోళ్లలో నల్లటి జిడ్డు. మోకాళ్ల మీద, బూట్ల మీద ఎండిన ఎర్రమట్టి.

“ఊరంతా నల్లమట్టి. ఎర్రమట్టి శ్మశానం దిబ్బ మీద తప్ప లేదు. నాలుగింటి నుంచి ఆరింటిదాకా అక్కడ మోకాళ్ల మీద కూర్చున్నావు. మీ తాత సమాధి పక్కన. మీ నాన్న పేరు మీద చదివావు.”

ఎర్కేష్ మోకాలి మీది మట్టిని గోటితో గీరాడు.

“ఎప్పుడు పోయారు?”

“యాభై మూడు, ఫిబ్రవరిలో,” అన్నాడు ఎర్కేష్. “ఉత్తరాన ఎక్కడో, బొగ్గు గనిలో. నేను ముప్ఫై తొమ్మిదేళ్లు ఉత్తినే ఆ తల తోసేశాను చూడు, పిచ్చివాణ్ని.” నవ్వబోయాడు, కుదరలేదు. “గుర్తుందా నీకు, మనిద్దరం ఒకే గుర్రం మీద యాపిల్ తోటకి పోయేవాళ్లం. నువ్వు ముందు, నేను వెనక. నాన్న అరుగు మీద కూర్చుని పాడుతుంటే సగం పాటలు నాకంటే నీకే బాగా వచ్చేవి.”

“ఎందుకు గుర్తులేదురా!” ఆ మాటతో సగిందిక్ గుండె కరిగిపోయింది. సాయంత్రం పూట ఆ అరుగు, వేలాడే లాంతరు, దొంబ్రా తీగల మీద ఇమాన్‌బై వేళ్లు. పాట అయ్యాక ఆయన ఇద్దరి తలలూ ఒకేసారి నిమిరేవాడు. “అందుకే అడుగుతున్నాను. ఆ కాగితం ఎవరు రాశారు? చెప్పు. మార్క్‌లెన్ నిన్ను వదలడు. ఒక్క పేరు చెప్తే మాస్టారు కంచె లోపల పడుకుంటాడు.”

ఎర్కేష్ ఇప్పుడు తిరిగాడు. ఆ చూపు ఏమిటో సగిందిక్‌కి అంతుపట్టలేదు. కోపంలా ఉంది, జాలిలా కూడా ఉంది.

“మాస్టారు ఒట్టు వేయించుకున్నారు.”

“ఏమని?”

“ఆ పేరు నా నోటి నుంచి రాకూడదని. నేను రెండేళ్లు తిరిగి, పదహారు అర్జీలు పెట్టి ఆ నకలు సంపాదించాను సగిందిక్. చదివిన రోజు రాత్రి నిద్రపోలేదు. తెల్లారి మాస్టారికి ఉత్తరం రాశాను, వచ్చి కాళ్ల మీద పడతానని. ఆయన గొర్రెని కోయించాడు. నేను క్షమాపణ అడగడానికొస్తే ఆయన నాకు తల పెట్టాడు.”

“నాకు చెప్పడానికేం? నేను నీకు పరాయివాణ్నా?”

“నన్నడక్కు.” ఎర్కేష్ మళ్లీ కిటికీ వైపు తిరిగిపోయాడు. “నన్ను జైల్లో పెట్టించు కావాలంటే.”

ముప్ఫై ఆరేళ్ల ఉద్యోగంలో నోరు విప్పనివాళ్లని చాలామందిని చూశాడు సగిందిక్. తమని కాపాడుకోవడానికి నోరు కట్టుకుంటారు. ఎదురుగా ఉన్నవాణ్ని కాపాడటానికి నోరు కట్టుకున్నవాణ్ని ఇంతవరకూ చూడలేదు. ఆ ఆలోచన వచ్చీరాగానే దాన్ని పక్కకి నెట్టేసి జీపు దిగాడు.

మార్క్‌లెన్ పశువుల కొట్టం పక్కన సిగరెట్ కాలుస్తున్నాడు. పన్నెండు కావస్తోంది.

“నీ తొందర నాకిప్పుడు అర్థమైంది,” అన్నాడు సగిందిక్. “యాభై ఒకటిలో ఈ ఊరి సామూహిక వ్యవసాయ క్షేత్రం అధ్యక్షుడు మీ నాన్న తోలెబాయ్. వచ్చే నెల బడికి ఆయన పేరు పెడుతున్నారు. ఆ ఫిర్యాదు పంపింది ఆయనే. మాస్టారి మీదికి తోసిందీ ఆయనే. అవునా?”

“భలేవారు సాకే. ముసలాయన తెలివి ఇంకా తుప్పు పట్టలేదు.” మార్క్‌లెన్ సిగరెట్ ఆర్పి, తోలుసంచి తెరిచాడు. “పంపింది మా నాన్నే. కాదనను. కానీ ఆయనకి రష్యన్‌లో సంతకం తప్ప ఏమీ రాదు. పాత ఫైళ్లుండే ఆఫీసులో ఎర్కేష్‌కి నకలు తీసిచ్చిన మనిషే నాకూ ఒకటి తీసిచ్చాడు. చూస్తారా? కూర్చుని చూడండి, పెద్దవారు.”

పదకొండు పాటలు, రష్యన్లో. మొదటిది ఇలి నది దాటి సరిహద్దు అవతలికి వెళ్లిపోయినవాళ్ల పాట. నది దాటిన గుర్రాలు నీళ్లు తాగడానికైనా తిరిగొస్తాయి అన్న చరణం కింద ఎవరో ఎర్రగా గీత గీశారు. పారిపోయిన శత్రువుల కోసం బెంగ, అని అంచున రాసుంది.

సగిందిక్ చూస్తున్నది ఆ గీతని కాదు, అక్షరాల్ని. కింద తోకని పైకి లాగి గుండ్రంగా చుట్టిన అక్షరం. మొన్న తను సంతకం పెట్టిన నివేదికలో కూడా ఆ తోక అలాగే ఉంది.

యాభై ఒకటి వసంతం. అధ్యక్షుడి ఆఫీసు. గాజుగ్లాసులో టీ, మూడు చక్కెర ముక్కలు. “నువ్వు మాస్టారి శిష్యుల్లో మొనగాడివట కదరా. మన ఇమాన్‌బై పాటలు రష్యన్లోకి దించు. పెద్ద పత్రికలో వేయిస్తా. ఎవరికీ చెప్పకు, ఆయన ఆశ్చర్యపోవాలి.” పదిహేనేళ్ల సగిందిక్ నాలుగు సాయంత్రాలు కూర్చుని రాశాడు. జన్మలో అంత ఇష్టంగా ఏదీ రాయలేదు. ఆ ఎండాకాలమంతా తపాలావాడి కోసం ఎదురుచూశాడు. సెప్టెంబర్లో ఇమాన్‌బైని తీసుకెళ్లారు. పత్రికలో పాటలు పడలేదు. నచ్చలేదేమో అనుకున్నాడు. రెండేళ్లకి తోలెబాయ్ సిఫారసు ఉత్తరంతో పోలీసు శిక్షణకి వెళ్లిపోయాడు.

పదిహేనేళ్లప్పుడు తెలియదు, నిజం. మరి పాతికేళ్లప్పుడు? నలభైకి? ఊళ్లోవాళ్ల ప్రతి దొంగతనం, ప్రతి అబద్ధం తవ్వి తీసినవాడు ఈ ఒక్క కేసు మాత్రం ఎందుకు తవ్వలేదు? మేజర్‌కి తన మీద తనకే అసహ్యం పుట్టింది.

“చివరి పేజీ కూడా చూడండి,” అన్నాడు మార్క్‌లెన్. అది మాస్టారి వాంగ్మూలం. రెండే వాక్యాలు. ‘రాత నాదే. పిల్లలెవరికీ దీంతో సంబంధం లేదు.’

“ఆయన ఒప్పుకోకపోతే మిమ్మల్ని సాక్షిగా లాక్కెళ్లేవాళ్లు. ఆ రోజుల్లో సాక్షులు కూడా తిరిగొచ్చేవాళ్లు కాదు, మీకు తెలుసు.” మార్క్‌లెన్ గొంతు తగ్గించాడు. “ఇప్పుడు తెలివిగా ఆలోచిద్దాం. గుండెపోటని మీరు రాయండి, నేను అడ్డుపడను. ఎర్కేష్‌ని వదిలేస్తాను. కాగితం సంగతి అందరం మరిచిపోదాం. మాస్టారు కంచె బయట పడుకుంటాడు. నలభై ఏళ్లుగా బయటే ఉన్నాడు కదా, కొత్తేముంది? మీరు పింఛను పుచ్చుకుని మనవలతో ఆడుకోండి. లేదా, ఆ మాట మీకు పడుతుంది. మీ కోడలు బజారుకెళ్తే పడుతుంది, మీ మనవడు బడికెళ్తే పడుతుంది.”

“ముందు బేడీలు తియ్యి,” అన్నాడు సగిందిక్.

మార్క్‌లెన్ తృప్తిగా నవ్వి, తాళంచెవి ఇచ్చాడు. గుండెపోటు కాగితం మీద మేజర్ అక్కడికక్కడే సంతకం చేశాడు.

ఎర్కేష్ మణికట్టు రుద్దుకుంటూ జీపు దిగాడు. సగిందిక్ అతని ఎదురుగా నిలబడ్డాడు.

“ఏడేళ్లు ఒకే బల్ల. నా అక్షరాలు చూడగానే గుర్తుపట్టి ఉంటావు.”

“మొదటి వరసలోనే,” అన్నాడు ఎర్కేష్. లోపలి జేబులోంచి చిన్న అట్టముక్క తీశాడు. “నువ్వంతట నువ్వు తెలుసుకుని వస్తే ఇమ్మన్నారు. రాకపోతే కాల్చెయ్యమన్నారు.”

మాస్టారి గుండ్రటి అక్షరాలు. ‘సత్కిన్: తనని నమ్మినవాళ్లని తెలిసి అమ్మినవాడు. తెలిసి అన్నది ముఖ్యం.’ దాని కింద వాడుకలు. ‘9 అక్టోబరు 1951, బడిలో నల్లబల్ల మీద, సుద్దతో. నవంబరు, బావి దగ్గర ఆడవాళ్లు. 1952, పెళ్లి మాట వెనక్కి తీసుకుంటూ పిల్ల తండ్రి. 1967, రొట్టెల దుకాణం వరసలో. 1988, వీధిలో పిల్లలు, అర్థం తెలియకుండా.’ ఒక్కచోట కూడా ఎవరి పేరూ లేదు. చివర వేరే సిరాతో, ‘తప్పు వాడుక: పదిహేనేళ్ల పిల్లవాడి గురించి. ఏం అమ్ముతున్నాడో తెలియనివాడికి ఈ మాట చెల్లదు.’

నల్లబల్ల మీద సుద్దతో రాసింది ఎవరో సగిందిక్‌కి బాగా తెలుసు. ఇమాన్‌బై మీద ప్రేమతో, కసిగా, పెద్దపెద్ద అక్షరాలతో తనే రాశాడు. మాస్టారు లోపలికొచ్చి, చదివి, ఏమీ అనకుండా తుడిచి, ఆ రోజు పాఠం మొదలుపెట్టాడు. ఆ తోకని అప్పుడూ గుర్తుపట్టే ఉంటాడు. ఆ సంగతి తలుచుకోగానే మేజర్ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

ఒంటిగంటన్నర. నమాజు శ్మశానం పక్క మైదానంలో. ఊరి మగవాళ్లు నూటయాభై మంది దాకా వచ్చారు, వేడుక చూడ్డానికి వచ్చినవాళ్లే ఎక్కువ. మాస్టారిని ఉన్ని తివాచీలో చుట్టి ముందు పడుకోబెట్టారు. మార్క్‌లెన్ పెద్దల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కంచెకి అవతల తవ్విన మట్టి కుప్ప కనిపిస్తూనే ఉంది.

ముల్లా ఓరజ్‌బై జనం వైపు తిరిగాడు. నమాజుకి ముందు ప్రతి శవం దగ్గరా అడిగే ప్రశ్నే అడిగాడు.

“పోయినవాడు ఎలాంటి మనిషి?”

మామూలుగా అయితే ఆ ప్రశ్న పూర్తికాకుండానే మంచి మనిషి, మంచి మనిషి అని అన్ని వైపుల నుంచీ వినిపిస్తుంది. తాగుబోతుకైనా అంటారు, పిసినారికైనా అంటారు. ఇవాళ ఎవరూ అనలేదు. ఎర్కేష్ పెదవులు కదిలాయి. సగిందిక్ అతని భుజం మీద చెయ్యి వేసి ఆపి, వరస దాటి ముందుకొచ్చాడు. టోపీ తీసేశాడు.

“ఇమాన్‌బై పాటలు రష్యన్లో రాసింది మాస్టారు కాదు,” అన్నాడు. గొంతు తనకే వింతగా వినిపించింది. “రాసింది నేను. అడిగి రాయించింది తోలెబాయ్. వెల కూడా ముట్టింది, మూడు చక్కెర ముక్కలు, ఆ తర్వాత ఈ యూనిఫారం. మాస్టారికి తెలుసు. నన్ను పట్టుకుపోతారని ఆ పేరు తన నెత్తిన వేసుకున్నాడు. బళ్లో ఆయన్ని మొట్టమొదట సత్కిన్ అని రాసింది కూడా నేనే. కాగితాలున్నాయి, కాప్టెన్ గారి సంచిలో. ఎవరైనా చూడొచ్చు.”

చీటీలో తనకిచ్చిన మినహాయింపు గురించి చెప్పలేదు. అది చదివి వినిపించే హక్కు తనకి లేదనిపించింది.

మార్క్‌లెన్ ఒకసారి చుట్టూ చూసి, సంచి చంకలో బిగించి పట్టుకుని జీపు వైపు నడిచాడు. ఇద్దరు ముసలాళ్లు అతని దారికి అడ్డంగా నిలబడ్డారు.

ముల్లా గొంతు సవరించుకుని మళ్లీ అడిగాడు. “పోయినవాడు ఎలాంటి మనిషి?”

“మంచి మనిషి!” అన్నాడు ఎర్కేష్ గట్టిగా, ఏడుస్తూ. వెనకనుంచి ఇంకో గొంతు, ఆ తర్వాత పదిమంది, ఆ తర్వాత అందరూ. పొద్దున స్ట్రెచర్ పట్టుకున్న పోలీసులు కూడా. ముల్లా కంచె వైపు చెయ్యి చూపించగానే నలుగురు కుర్రవాళ్లు పారలు తీసుకుని లోపలి దిబ్బ మీదికి పరుగెత్తారు.

వరసలు కట్టారు. సగిందిక్ రెండో వరసలో నిలబడ్డాడు. కుడి పక్క మనిషి రెండడుగులు అవతలికి జరిగాడు. ఎడమ పక్క మనిషీ జరిగాడు. వెనక వరసలో ఎవరో, పెద్దగా కాదు, వినపడేంతగా ఆ మాట అన్నారు. నలభై ఒక్కేళ్లలో మొదటిసారి అది తన వీపుకి తగిలింది. సగిందిక్ తిరిగి చూడలేదు.

“వరసలో ఖాళీ ఉండకూడదు. దగ్గరికి జరగండి,” అన్నాడు ముల్లా.

ఎవరూ జరగలేదు.

మొదటి వరసలోంచి ఎర్కేష్ వెనక్కి వచ్చాడు. సగిందిక్ మొహంలోకి చూడకుండా పక్కన నిలబడి, భుజానికి భుజం ఆనించాడు.

“నీ కోసం కాదు,” అన్నాడు మెల్లగా. “మాస్టారి నమాజులో ఖాళీ ఉండకూడదని.”